నేల కర్బనం లెక్క – 4వ పాఠం: లోతు చూసి మోసపోవద్దు

పోయిన పాఠంలో రింగుతో మట్టి తీసి, రాళ్లు ఏరి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి సాంద్రత కట్టడం చూశాం. ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఎత్తైన కొండల మీది పచ్చిక నేలను పదేళ్ల కిందట ఒకరు కొలిచారు, ఇవాళ మీరు మళ్లీ కొలిచారు. అందులో కర్బనం పెరిగిందా, తగ్గిందా?

సూత్రం మీకు తెలిసిందే: కర్బనం శాతం × సాంద్రత (ఘన సెంటీమీటరుకు గ్రాములు) × లోతు (సెంటీమీటర్లు). జవాబు హెక్టారుకు ఇన్ని టన్నులని నేరుగా వచ్చేస్తుంది. రాళ్లుంటే వాటి వాటా తీసేయాలి. ఈ పాఠంలో రాళ్లు లేవనుకుందాం.

ఈ నేలల్లో ఇంత కర్బనం ఎందుకుందో ముందు తెలియాలి. టిబెట్ పీఠభూమిలో కొబ్రీసియా గడ్డి పెరిగేచోట కత్తి దింపి చూస్తే, పైపొరలో మట్టి ఎంతో వేళ్లూ అంతే అనిపిస్తుంది, చాప అల్లినట్టు. మొక్కలో ఎక్కువ భాగం నేల కిందే ఉంటుంది. చచ్చిన వేళ్లు చలికి త్వరగా కుళ్లవు కాబట్టి ఏళ్ల తరబడి పోగుపడతాయి. వేడి పెరిగితే సూక్ష్మజీవులు జోరందుకుంటాయి. 10 డిగ్రీలు పెరిగితే కుళ్లే వేగం సుమారు రెట్టింపవుతుందని మోటు లెక్క. అయితే మంచు ముందే కరిగి, గడ్డి పెరిగే రోజులూ పెరగొచ్చు. తేమ ఉంటే ఆ గడ్డి కొత్త కర్బనాన్ని నేలలోకి దింపుతుంది, ఎండిపోతే అదీ ఉండదు. ఈ రెంటిలో ఏది పైచేయో ఉష్ణోగ్రత చూసి చెప్పేయలేం, మట్టి కొలవాల్సిందే.

కొలిచేటప్పుడే ఒక తిరకాసుంది. సేంద్రియ పదార్థం తగ్గిన మట్టి గుల్లతనం పోయి గట్టిపడుతుంది. ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల, అంటే పెర్మాఫ్రాస్ట్, కరిగినచోట కుంగుతుంది. పశువుల తొక్కుడు సరేసరి. దాంతో అదే 30 సెంటీమీటర్లలో మునుపటికంటే ఎక్కువ మట్టి పడుతుంది.

అంకెల్లో చూడండి. (ఇవి అభ్యాసం కోసం వేసుకున్నవి.)

మొదటిసారి: 5 × 0.80 × 30 = 120 టన్నులు.
రెండోసారి: 4.4 × 0.95 × 30 = 125.4 టన్నులు.

శాతం తగ్గింది, నిల్వ మాత్రం పెరిగినట్టు కనిపిస్తోంది! పెరిగింది కర్బనం కాదు, మనం తూకం వేసిన మట్టి. అందుకే సమాన మట్టి బరువు మీద పోల్చాలి. మొదటిసారి హెక్టారుకు 0.80 × 30 × 100 = 2400 టన్నుల మట్టి. ఇప్పుడు అంతే మట్టి 24 ÷ 0.95, అంటే సుమారు 25.3 సెంటీమీటర్లలోనే దొరుకుతుంది. శాతం లోతంతా ఒకేలా ఉందనుకుంటే, 2400లో 4.4 శాతం 105.6 టన్నులు. అంటే 14.4 టన్నులు పోయాయి. అదంతా గాలిలో కలిసిందనుకుంటే, 44/12తో (కార్బన్ డయాక్సైడ్ అణుభారం 44, అందులో కర్బనం వాటా 12) గుణిస్తే 52.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్.

నిజానికి శాతం లోతంతా ఒకేలా ఉండదు, పైన ఎక్కువ, కింద తక్కువ. కాబట్టి మట్టిని ఒకే ముద్దగా తీయకండి. 10 సెంటీమీటర్లకో పొర చొప్పున, కావాల్సిన లోతుకంటే ఒక పొర అదనంగా తీసి, విడివిడి సంచుల్లో వేయండి. పని పెరుగుతుంది, కానీ ఇక్కడ బద్ధకిస్తే తర్వాత సరిదిద్దుకునే దారి లేదు. ఇంకోటి: ఒకే ఏడాది, ఒకే మైదానంలో పక్కపక్క గుంటల మధ్యే 15 టన్నుల తేడా వస్తుంటే, పై 14.4ను పట్టుకుని వాతావరణ మార్పు మీద తీర్పు చెప్పడం తొందరపాటే.

అభ్యాసం: మొదట 6 శాతం, సాంద్రత 0.70. తర్వాత 5.3 శాతం, 0.84. లోతు రెండుసార్లూ 30 సెంటీమీటర్లు, రాళ్లు లేవు. సమాన బరువు మీద తేడా ఎంత? 14.7 టన్నుల నష్టం రావాలి. 7.6 టన్నుల లాభం వచ్చిందంటే ఇంకా లోతునే పోలుస్తున్నారన్నమాట. 5వ పాఠంలో ఇదే లెక్కను పొరలవారీగా, రాళ్లతో సహా చేద్దాం.