ముత్తాత ఎక్కిన ఓడ ఇలా దొరికింది: నా అనుభవం

మా ముత్తాత విశాఖ జిల్లా నుంచి చెరకు తోటల పనికి నాటాల్ (ఇప్పటి దక్షిణాఫ్రికాలోది) వెళ్లారు. ఓడ 'ఉమ్లాజీ' అని నాయనమ్మ చెప్పేది. ఏ ఏడాదో ఎవరికీ తెలీదు. ఓడల లిస్టులో (ఏ ఓడలో ఎవరెవరు వెళ్లారో రాసిన పట్టిక) ఇంటిపేరు, ఊరిపేరు, రకరకాల స్పెల్లింగులు అన్నీ వెతకడం అయ్యింది, ఫలితం లేదు.

దారి చూపింది నంబరు. 1860 నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా నాటాల్ వెళ్లిన లక్షన్నర మందిలో ప్రతి ఒక్కరికీ ఒక కలోనియల్ నంబరు (మనిషిని గుర్తించే నంబరు) ఇచ్చారు. డర్బన్‌లో ఉన్న బాబాయి వరసాయన దగ్గరి పాత పెళ్లి కాగితంపై, మడత పడ్డచోట, ఆరంకెలు కనిపించాయి. ఫొటో పెద్దది చేసి ఒక్కో అంకె రాసుకున్నాను.

ఓడల లిస్టులో పేరు వదిలేసి ఆ నంబరే వెతికాను. వెంటనే దొరికింది. మా ముత్తాత అప్పలస్వామి పేరును గుమాస్తా 'అప్పల్సామి' అని రాశాడు. పక్కనే తండ్రి పేరు, వయసు, ఊరు, ఎడమ మోచేతి కింద మచ్చ. ఆ మచ్చ దగ్గర కాసేపు ఆగిపోయాను.

అదే ఓడ చాలాసార్లు తిరిగింది కాబట్టి, లిస్టులో ఓడ పేరు పక్కనున్న రోమన్ అంకెనూ వదలకండి. ఎన్నో ప్రయాణమో చెప్పేది అదే. తర్వాత ఆ ఏటి లాయిడ్స్ రిజిస్టర్‌లో (ఓడల వివరాలుండే పుస్తకం) ఓడ అధికారిక నంబరు పట్టుకున్నాను. బ్రిటిష్ ఓడల పేరు మారినా ఆ నంబరు మారదు.

నాటాల్ వెళ్లినవాళ్లకు ఇది పనికొస్తుందనుకుంటున్నా. సొంతంగా టికెట్ కొనుక్కుని రంగూన్ వెళ్లినవాళ్ల విషయంలో మాత్రం ఆశ పెట్టలేను.