బడిలో ఏఐ క్లాసులంటున్నారా? ఫీజు కట్టే ముందు ఒక గంట ల్యాబ్‌లో కూర్చోండి

జూన్ దగ్గరపడితే చాలు, హన్మకొండ నుంచి నర్సంపేట దాకా ఏ బడి ఫ్లెక్సీ చూసినా కోడింగ్, రోబోటిక్స్, ఏఐ (కృత్రిమ మేధ) అని పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది, ఫీజు కాక దానికి విడిగా డబ్బులు. మంచిదా కాదా అని చాలామంది నన్ను అడుగుతున్నారు. బ్రోషర్ చూసి చెప్పలేం, వెళ్లి చూడాలి.

డెమో రోజు మాత్రం వెళ్లొద్దు. టైమ్ టేబుల్ అడిగి, మామూలు రోజున కంప్యూటర్ పీరియడ్ ఉన్నప్పుడు వెళ్లండి. నేను అలా వెళ్లిన ఒక బడిలో ఇరవై కంప్యూటర్లు ఉన్నాయి, ఆన్ అయ్యేవి తొమ్మిదే, ఒక్కోదాని ముందు నలుగురు పిల్లలు. మౌస్ పట్టుకున్నవాడు ఒక్కడే. చివర కూర్చున్న పాప పీరియడ్ మొత్తం ముందున్న పిల్లల భుజాల మీదుగా తొంగి చూస్తూనే ఉంది. ఏడాది చివర ఆ పాపకూ సర్టిఫికెట్ వస్తుంది, అందుకే నాకు బాధేసింది. కరెంటు పోతే యూపీఎస్ ఎంతసేపు ఆగుతుందో కూడా అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత ఒక పిల్లనో పిల్లవాడినో పక్కన కూర్చోబెట్టుకుని చిన్న చిన్న పనులు చెప్పండి. తెలుగులో నాలుగు లైన్లు టైప్ చేసి, సేవ్ చేసి, మూసేసి మళ్లీ తెరవమనండి. ‘మీ ఖాతా ఆగిపోతుంది, ఈ లింక్ నొక్కండి’ అన్న మెసేజ్ చూపించి ఏం చేస్తావని అడగండి. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని తెలిసిన పిల్లలుంటే ఆ బడిలో ఎవరో శ్రద్ధగా చెప్పారన్నట్టే. ఫోన్ వాడటం వచ్చినంత మాత్రాన డిజిటల్ చదువు వచ్చినట్టు కాదు: పల్లె పిల్లల చదువుల మీద చేసే అసర్ సర్వే 2024లో గ్రామాల్లోని 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మంది స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చన్నారు, వాళ్లలో ముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతమే.

ఏఐ సంగతి తేల్చుకోవడానికి నేను రామప్ప గుడి గురించి అడిగిస్తాను. ప్రశ్న అడిగితే జవాబు రాసిచ్చే ఏఐ చాట్‌బాట్‌ను ‘రామప్ప గుడి ఎవరు, ఎప్పుడు కట్టించారు?’ అని అడగమంటాను. జవాబు ఏదొచ్చినా సరే, నాకు కావాల్సింది ఆ తర్వాత పిల్ల ఏం చేస్తుందనేదే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని శాసనం చెబుతుంది, రామప్ప అనేది శిల్పి పేరని చెప్పుకుంటారు. పుస్తకం తీసి సరిచూసుకునే పిల్లలకు ఏఐ వాడటం నిజంగా నేర్పినట్టు, జవాబును నోట్‌బుక్‌లోకి దించేసేవాళ్లకు కాపీ కొట్టడమే వచ్చినట్టు.

ఇంకొంచెం లోతుగా చూడాలంటే టీచబుల్ మెషీన్ అనే గూగుల్ వాళ్ల టూల్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. మంచి మిర్చి, తాలు మిర్చి (రంగు పోయిన నాసిరకం) ఫొటోలు చూపించి రెండింటినీ వేరు చేయడం దానికి నేర్పించొచ్చు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలే ఇళ్ల పిల్లలకు తాలు అంటే వేరే చెప్పక్కర్లేదు. ఎండలో తీసిన ఫొటోలతో నేర్పించి, నీడలో పెట్టిన మిర్చిని చూపిస్తే అది తప్పు చెప్పొచ్చు. ఎందుకు తప్పిందో పిల్లలు తమ మాటల్లో చెప్పగలిగితే ఆ ప్రోగ్రామ్‌కు డబ్బు పెట్టొచ్చు.

క్లాసు ఎవరు చెబుతున్నారో కూడా అడగండి. కంపెనీ ట్రైనర్ వారానికోసారి వచ్చిపోతుంటే, ఒప్పందం అయిపోయాక పిల్లల సంగతేంటి? బడిలోని సార్లకు, మేడమ్‌లకు ఎన్ని రోజుల శిక్షణ ఇచ్చారు, అడ్డం తగిలితే ఎవరికి ఫోన్ చేస్తారు అని గట్టిగా అడగండి. ‘సీబీఎస్ఈ ఏఐ సిలబస్’ అంటే పుస్తకం చూపించమనండి, తొమ్మిదో తరగతిలో ఆ సబ్జెక్టు 2019-20 నుంచీ ఉంది.

పిల్లల వివరాల విషయంలో మొహమాటపడొద్దు. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారం వాడాలంటే సాధారణంగా తల్లిదండ్రుల అంగీకారం కావాలి. చాట్‌బాట్‌లతో పిల్లలు నేరుగా మాట్లాడటానికి కనీసం 13 ఏళ్లుండాలని యునెస్కో 2023లో సూచించింది. లాగిన్ ఎవరి ఈమెయిల్‌తో, ఫొటోలు, మార్కులు ఎక్కడ దాస్తారు, బడి మానేశాక తీసేస్తారా అన్నవి కాగితం మీద రాయించుకోండి.

సర్కారు బడి అయితే ఇవే ప్రశ్నలు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ మీటింగ్‌లో పెట్టండి. పైన చెప్పినలాంటి పది పనుల జాబితా రాసి జూన్‌లో ఐదుగురు పిల్లలతో చేయించండి, ఫిబ్రవరిలో మళ్లీ ఆ ఐదుగురితోనే చేయించండి. ఆ ఐదుగురిలో ఇద్దరైనా చివరి బెంచీ పిల్లలుండాలి.