రిజర్వాయర్‌లో నాచు ఎంత లోతు దాకా పెరుగుతుందో ఎలా తెలుసుకోవాలి?

నాచులాగా నీళ్లలో మునిగి పెరిగే మొక్కలకు ముందు కావలసింది వెలుతురు. అది ఎంత లోతుకు దిగుతోందో చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు, ఒక బిళ్ల చాలు. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ మధ్యధరా సముద్రంలో ఇలాంటి బిళ్లలను దించి చూశాడు. అందుకే దీన్ని సెక్కీ డిస్క్ అంటారు.

20 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి రేకును నాలుగు భాగాలుగా గీసి, ఎదురెదురుగా ఉన్న రెండింటికి నలుపు, మిగతా రెండింటికి తెలుపు రంగు వేయండి. మెరిసే పెయింట్ వద్దు. మధ్యలో తాడు కట్టి, కింద బరువు తగిలించండి. బరువు చాలకపోతే తాడు ఏటవాలుగా సాగి, లోతు లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. తాడును తడిపాకే బిళ్ల నుంచి 10 సెంటీమీటర్లకో గుర్తు పెట్టండి.

పొద్దున పదికీ మధ్యాహ్నం రెండుకీ మధ్య, అనుమతి తీసుకుని, లైఫ్ జాకెట్ వేసుకుని పడవలో వెళ్లండి. గేట్ల దగ్గరికి మాత్రం వద్దు. కూలింగ్ గ్లాసెస్ తీసేసి, పడవ నీడ పడే వైపు బిళ్లను దించండి. కనిపించకుండా పోయిన లోతు, పైకి లాగితే మళ్లీ కనిపించిన లోతు రాసుకుని సగటు తీయండి.

అది 1.2 మీటర్లు వచ్చిందనుకుందాం. అడుగున వేళ్లూనే నాచు మొక్కలు సుమారుగా దానికి ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్ల లోతు దాకా, అంటే 1.5–1.8 మీటర్ల దాకా బతకగలవు. ఇది మోటు లెక్కే. గుర్రపు డెక్కకి ఇది అసలు వర్తించదు, దాని ఆకులు నీటిపైనే ఉంటాయి కదా.

నీటి రంగు కూడా రాసుకోండి. ఎర్రగా ఉంటే వరద తెచ్చిన ఒండ్రు, అది అడుగుకు చేరే కొద్దీ నీరు తేటపడుతుంది. పచ్చగా ఉంటే సూక్ష్మ శైవలాలు (నీళ్లలో తేలే ఆల్గే) పెరిగినట్టు. ఎరువుల నీళ్లు, మురుగు చేరుతున్నంత కాలం ఆ పచ్చదనం తగ్గడం కష్టం.

నీళ్లు తేటగా ఉన్నా నాచు కనిపించకపోతే కంగారు పడకండి. రిజర్వాయర్‌లో మట్టం కదులుతూనే ఉంటుంది. నాగార్జున సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510. నిండుగా ఉన్నప్పుడు ఒడ్డున మొలిచిన నాచు వేసవిలో ఎండలో పడుతుంది. మట్టం తగ్గినప్పుడు నాచు మొలిచిన చోటు, మళ్లీ నిండితే వెలుతురు అందనంత లోతుకు పోవచ్చు. అందుకే కొలత పక్కనే ఆ రోజు మట్టం కూడా రాసి, నెలకోసారి అదే చోట కొలవండి.