నెట్‌వర్క్ కోసం రాగి వైరా, ఫైబరా, వైఫైనా? ఎలా ఎంచుకోవాలి?

షాపుకి వెళ్లేముందు టేపు తీసుకుని దూరం కొలవండి. వైరు గోడ ఎక్కి దిగే పొడవు కూడా కలపాలి. నెట్‌వర్క్ స్విచ్ (చాలా పరికరాల వైర్లను కలిపే పెట్టె) నుంచి కంప్యూటర్ దాకా 100 మీటర్లు దాటకపోతే రాగి కేబుల్ సరిపోతుంది.

తర్వాత కదిలేవీ కదలనివీ విడగొట్టుకోండి. టీవీ, డెస్క్‌టాప్, సీసీ కెమెరా ఉన్నచోటే ఉంటాయి కాబట్టి వాటికి వైరు వేయండి. ఫోన్లకు వైఫై. అది అందరూ పంచుకునే దారి, ఎంత రద్దీ పెరిగితే అంత నెమ్మదిస్తుంది. వైఫై వాడే తరంగాల్లో 5 గిగాహెర్ట్జ్ రకంలో వేగం ఎక్కువే గానీ శ్లాబు దాటేసరికి బలహీనపడుతుంది. మేడ మీద సిగ్నల్ అందకపోతే రిపీటర్ (వైఫైని అందుకుని మళ్లీ పంపే పెట్టె) కొనకండి. ఒక వైరు పైకి లాగి అక్కడ యాక్సెస్ పాయింట్ (ఆ వైరు నుంచి వైఫై ఇచ్చే పెట్టె) పెట్టండి, టెన్షన్ ఉండదు.

రాగిలో క్యాట్6 రకం కేబుల్ తీసుకోండి. 100 మీటర్ల దాకా సెకనుకు 1 గిగాబిట్ వేగం, సుమారు 55 మీటర్ల లోపు 10 గిగాబిట్ ఇస్తుంది. కొనేటప్పుడు మాత్రం ఒక తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. ధర తక్కువే, కానీ త్వరగా విరుగుతుంది, కేబుల్ నుంచే కరెంటు తీసుకునే కెమెరాలకు అసలు పనికిరాదు. దయచేసి అది కొనకండి.

కేబుల్‌లో 8 తీగలు 4 జతలుగా మెలివేసి ఉంటాయి. బయటి అంతరాయాన్ని చాలావరకు రద్దుచేసేది ఆ మెలికలే. అందుకే కొసన కనెక్టర్ (ప్లగ్గు) బిగించేటప్పుడు అరంగుళానికి మించి విప్పొద్దు. కరెంటు వైర్ల పైపులోనే దీన్నీ లాగొద్దు.

రెండు భవనాలను కలపాలంటే దూరం తక్కువైనా నేను ఫైబరే వేయమంటాను. రాగి ఆరుబయట పోతే, దగ్గర్లో పిడుగు పడినప్పుడు రెండువైపులా స్విచ్‌లు కాలిపోవచ్చు. ఫైబర్ అంటే గాజు తీగ, అందులో వెళ్లేది వెలుగు, కరెంటు కాదు. లోహపు తీగ లేని సింగిల్ మోడ్ రకం అడగండి, అది కిలోమీటర్ల దూరం కూడా పనిచేస్తుంది. రెండు కొసల్లో మీడియా కన్వర్టర్లు (వెలుగును కరెంటు సంకేతంగా, దాన్ని వెలుగుగా మార్చే పెట్టెలు) కావాలి. మలుపుల్లో గట్టిగా వంచకూడదు.

వైరును కప్పే కేసింగ్ మూసేముందు కంప్యూటర్‌లో లింక్ స్పీడ్ (వైరు మీద కుదిరిన వేగం) చూడండి. రెండువైపులా గిగాబిట్ పోర్టులే ఉన్నా 1000 మెగాబిట్లకి (అంటే 1 గిగాబిట్‌కి) బదులు 100 చూపిస్తే, ఏదో ఒక జత సరిగా తగలడం లేదని అర్థం. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100కి రెండే చాలు. ముందు కనెక్టర్ కోసేసి, కొత్తది పెట్టి మళ్లీ క్రింపింగ్ చేయండి (పనిముట్టుతో నొక్కి బిగించండి).