ఎండినా చావని మొక్క: గోడ పాచితో, పెసర్లతో పరీక్షించే పద్ధతి

దేవరకొండ గుట్టరాళ్ల మీద, పాలమూరు పల్లెల పాత గోడల మీద వానాకాలంలో పరుచుకునే పాచి, అంటే మాస్ మొక్క, ఎండాకాలంలో నల్లబడి తొలకరికి తిరిగి పచ్చబడుతుంది. సుమారు 47 కోట్ల సంవత్సరాల క్రితం నేల మీదికి వచ్చిన తొలి మొక్కలకు నిజమైన వేర్లు లేవు కనుక, ఒళ్లంతా ఎండినా బతికి ఉండటం వాటికి తప్పనిసరి అయింది. ఆ శక్తిని మొక్క ఎప్పుడు మేల్కొలుపుతుందో, ఎప్పుడు వదులుకుంటుందో ఇంట్లోనే చూడవచ్చు.

ఇంటి గోడ నుంచి గోరంత పాచి ముక్కలు రెండు బ్లేడుతో తీయండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మాత్రం ఏదీ సేకరించకండి. ఆ ముక్కలను మూత పెట్టిన గాజు గిన్నెలో తడి కాగితం మీద, నీడలో వారం ఉంచాలి. రోజూ ఎండుతూ తడుస్తూ ఉన్న పాచి ముందే రాటుదేలి ఉంటుంది కనుక ఈ వారం లేకపోతే తేడా తెలియదు. ఆపైన ఒకదాన్ని ఫ్యాను గాలికి త్వరగా, రెండోదాన్ని మూత కాస్త తెరిచి రెండు మూడు రోజుల్లో నెమ్మదిగా ఎండనివ్వండి. కొన్నాళ్లకు నీటి చుక్క వేసి భూతద్దంతో చూస్తే, లోపలికి చుట్టుకున్న ఆకులు నిమిషాల్లో విప్పుకుంటాయి. అంతమాత్రాన బతికిందని రాసుకోకూడదు, చచ్చిన ఆకు కూడా నీరు పీల్చి విప్పుకుంటుంది. వెలుతురులో తడిగా ఇంకో రెండు వారాలు ఉంచి, కొత్త చిగురు వేస్తేనే లెక్క. సాధారణంగా నెమ్మదిగా ఎండిన ముక్కే బాగా కోలుకుంటుంది.

నీరు తగ్గేకొద్దీ కణాల్లో అబ్సిసిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోను పెరిగి, దాన్ని గుర్తించే ఒక గ్రాహక ప్రొటీనును అంటుకుంటుంది. అప్పటిదాకా ఈ రక్షణకు అడ్డుపడిన ఎంజైములు పక్కకు తప్పుకోగా, కణపొరలను కాపాడే చక్కెరలు, రక్షక ప్రొటీన్లు తయారవుతాయి. ఈ తయారీకి వ్యవధి కావాలి. నేలమొక్కలకు దగ్గరి బంధువులైన కొన్ని శైవలాల్లో, అంటే నీటి నాచుల్లో, ఇలాంటి గ్రాహకమే ఉన్నా, అది ఈ ఆమ్లానికి స్పందించదు.

ఇక ఈ శక్తిని మొక్క ఎప్పుడు వదులుకుంటుందో చూడటానికి పెసర్లను రెండు భాగాలు చేసి నానబెట్టండి. ఒక భాగాన్ని వేరు పొడవకముందే, రెండోదాన్ని వేరు అంగుళం పెరిగాక తీసి, మూడు రోజులు నీడన ఆరబెట్టి, మళ్లీ తడపండి. మొదటివి చాలావరకు మొలుస్తాయి, రెండోవాటి వేర్లు తేరుకోవు. పొడి దుక్కిలో పెట్టిన పత్తి గింజ చిన్న వానకు మొలిచి, ఆపై చినుకు లేక మాడిపోవడం చూసిన రైతుకు ఇది తెలిసిన సంగతే. గింజ ముదిరేటప్పుడు ఈ శక్తిని నడిపించే ఏబీఐ3 ప్రొటీను మొలక వచ్చాక తగ్గిపోతుంది. పాచి ఎండి బతకడానికీ ఈ కుటుంబపు ప్రొటీనే కావాలి. పాచి ఒళ్లంతా వాడే ఏర్పాటును విత్తనం తన కోసం దాచుకుందనడానికి నాకు ఇంతకంటే గట్టి ఆధారం కనిపించదు.

కొద్ది పూలమొక్కలు ఆ ఏర్పాటును ఆకుల్లోనూ వాడతాయి. భారతదేశపు పలుచని రాతినేలల్లో పెరిగే ఓరోపీటియం థోమేయం అనే చిన్న గడ్డి అలాంటిది. దాని జన్యుపటం 2015లో వెలువడింది. గుట్ట మీద ఎండిన గడ్డి కుదురు ఏదైనా దొరికితే మట్టితో సహా తడిపి చూడండి. ఒకటి రెండు రోజుల్లో ఎండిన ఆకులే పచ్చబడితే ఈ కోవకు చెందినదని అనుకోవచ్చు. అడుగు నుంచి కొత్త పిలకలు మాత్రమే వస్తే, అది వేరే గడ్డి.