అపార్ట్‌మెంట్‌లో ఉంటూ పిట్టల్ని చూడటం మొదలెట్టాలంటే

ముందే చెప్తున్నా, కెమెరా కొనకండి. నేను చేసిన మొదటి తప్పు అదే, ఈఎమ్ఐ మీద పెద్ద లెన్సు తీసుకుని రెండు వారాలు మోశాను, మెడ పట్టేసింది, ఇప్పుడది బీరువా పైన దుమ్ము తింటోంది. మొదటి నెల కావాల్సింది బాల్కనీ, ఓ కప్పు టీ, పొద్దున్నే ఆరు నుంచి ఏడున్నర దాకా టైము, అంతే.

నేనుండేది హైదరాబాద్‌లో మియాపూర్ వైపు, నాలుగో ఫ్లోర్, ఎదురుగా సర్కారు తుమ్మ పెరిగిపోయిన ఖాళీ ప్లాటు. ఇక్కడ పావురాలు తప్ప ఏముంటాయ్ అనుకునేవాణ్ణి, కానీ రోజూ అదే కుర్చీలో కూర్చుంటే నెల తిరిగేసరికి 23 రకాలు లెక్కతేలాయి. అందుకే వారానికో కొత్త చోటు తిరక్కండి, ఒకే చోటు పట్టుకోండి, ఏ పిట్ట ఎన్నింటికి ఏ కొమ్మ మీదకొస్తుందో తెలిశాక కొత్తది వస్తే ఇట్టే తెలిసిపోద్ది.

గుర్తుపట్టేటప్పుడు రంగు వెంటపడొద్దు, నీడలో అన్నీ నల్లగానే ఉంటాయి. ముందు సైజు చూడండి, పిచ్చుకంత ఉందా, గోరింకంతా, కాకంతా? తర్వాత ఏం చేస్తోంది, నేల మీద నడుస్తోందా గెంతుతోందా, తోక ఆడిస్తోందా. నేనైతే పొదల్లో తిరిగే ఓ నల్ల పిట్టని నెలరోజులు ఆడకోయిల అనుకున్నా, వీడియో కాల్‌లో అమ్మమ్మ చూసి "కోయిలేంట్రా, అది జెముడుకాకి" అని నవ్వింది. దానికి రెక్కలు ఇటుక రంగులో ఉంటాయి, కోయిలేమో మగది నలుపు, ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలు, కూ అని గొంతు చించుకునేది మగదే. ఊళ్లో పెద్దవాళ్లుంటే అడగండి, లకుముకి, గిజిగాడు, తీతువు, పికిలి పిట్ట ఈ పేర్లన్నీ వాళ్ల నోట్లోనే ఉన్నాయి, మనమే మర్చిపోయాం.

ఫోన్లో మెర్లిన్ యాప్ వేసుకోండి, కార్నెల్ యూనివర్సిటీ వాళ్లది, ఫ్రీ. కూత వినిపిస్తే పేరు చెప్తుంది, అప్పుడప్పుడు తప్పు కూడా చెప్తుంది కాబట్టి కంటితో చూసేదాకా లిస్టులో రాయొద్దు. ఆ యాప్‌లో కూతలు గట్టిగా పెట్టి పిట్టల్ని రప్పించే పని మాత్రం చేయకండి, ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని గూడొదిలేసి కొట్లాటకి వస్తాయి పాపం.

నీళ్లు పెడితే లోతులేని మట్టి మూకుడులో పెట్టి రోజూ మార్చండి, లేకపోతే దోమలు. గింజలు వద్దు, పావురాలు దిగిపోతాయి, కింద ఫ్లోర్ ఆంటీతో గొడవ. దాని బదులు కుండీలో మందారం పెట్టండి, తేనెపిట్టలు వస్తాయి, కరివేపాకు చెట్టు కాయలు పండితే పికిలి పిట్టలకి పండగే.

రెండు నెలల తర్వాత కూడా మోజు తగ్గకపోతే అప్పుడు బైనాక్యులర్స్, 8x42 చాలు. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. పిట్ట మీంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్స్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి, కిందికి చూసి మళ్లీ వెతికితే ఎగిరిపోయుంటుంది.

ఇక బయటికెళ్లాలంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య అమీన్‌పూర్ చెరువుకెళ్లండి, 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా చలికాలం వలస బాతులు వస్తూనే ఉన్నాయి, అదృష్టం బాగుంటే ఫ్లెమింగోలు కూడా. ఎండ వీపు మీద పడేలా నిలబడండి, ఎదురెండలో ఏదీ తెలీదు.

పాలపిట్ట గురించి ఒక్కమాట. దసరాకి పంజరంలో పెట్టి చూపించి డబ్బులడిగేవాళ్లు వస్తారు, ఇవ్వకండి, దాన్ని పట్టడమే నేరం, పైగా 2023లో దేశంలోని పక్షుల మీద వచ్చిన రిపోర్టులో బాగా తగ్గిపోతున్న వాటిలో మన తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన ఈ పాలపిట్ట కూడా ఉంది. శంకర్‌పల్లి వైపు పొలాల పక్కన కరెంటు తీగలు చూసుకుంటూ వెళ్లండి. కూర్చున్నప్పుడు మట్టిరంగులో మామూలుగా ఉంటుంది, ఇదేనా అనిపిస్తుంది, బండి ఆపి రెక్క విప్పేదాకా ఆగండి.