గుంట కాడ లైటుకి 18650 సెల్లు కొనేటప్పుడు

రాత్రిపూట చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) చూడాలంటే తలకి కట్టుకునే లైటు లేకుండా కుదరదు, ఇందుకూరుపేట నించి కొత్తపట్నం దాకా రొయ్యల గుంటలోళ్ళందరం అవే వాడతాం, కానీ అందులో వేసే 18650 అనే చార్జింగ్ పెట్టుకునే లిథియం సెల్లు మాత్రం ఏది చవగ్గా దొరికితే అదే. నేనూ పోయినేడు ఒక అంగట్లో 9900 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత చార్జింగ్ పడద్దో చెప్పే లెక్క) అని రాసుంటే సంబరపడి రెండు తెచ్చుకున్నా, గంట కూడా వెలగలా.

ఆ నంబరే అబద్ధం అన్నా. 18650 అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడుగు, అంత గొట్టంలో మామూలుగా పట్టేది 3500 ఎంఏహెచ్, ఈ మధ్య వచ్చిన కొన్నిట్లో మహా అయితే 4000. అంతకు మించి రాసుంటే బేరం కూడా ఆడబాకండి, కింద పెట్టేసి వచ్చేయండి. అనుమానముంటే తూకం వేయండి, అసలు సెల్లు 45 నించి 50 గ్రాములు ఉంటది, నావి ముప్పై కూడా తూగలా.

ఎంఏహెచ్ ఒక్కటే చూస్తే చాలదు, ఒక్కసారిగా ఎన్ని ఆంప్స్ కరెంటు ఇచ్చినా తట్టుకుంటదో కూడా చూడాల. శాంసంగ్ 25ఆర్ 2500దే గానీ 20 ఆంప్స్ ఇస్తది, పానాసోనిక్‌లో 3400ది 5 ఆంప్స్ లోపే. మన లైటు ఎన్ని ఆంప్స్ లాగుద్దో దాని కంటే ఎక్కువ తట్టుకునేది తీసుకుంటే చాలు.

ఇంక సెల్లు చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు సంగతి, నాకు భయమంతా దీంతోనే. పైన బొడిపె ఒక్కటే ప్లస్సు, మిగతా గొట్టం మొత్తం మైనస్సే, రెండింటికీ మధ్య అడ్డం ఆ పల్చటి ప్లాస్టిక్కూ లోపలున్న చిన్న రింగూ అంతే. బొడిపె పక్కన చిరిగిందంటే ఇంక వాడబాకండి. తొడుగు బాగున్నా సరే సెల్లుని ఊరికే జేబులో వేసుకోబాకండి, బండి తాళాలో చిల్లరో తగిలితే షార్టయ్యి తొడ కాలుద్ది, మన చేతులకి ఎప్పుడూ ఉప్పునీళ్ళే కూడానూ. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి.

పాత లాప్‌టాప్‌లో పీకినవి ఇస్తామంటారు, మల్టీమీటర్ పెట్టి 2.5 వోల్టుల కంటే కింద ఉంటే తీసుకోబాకండి. రెండు సెల్లు వేసే లైటైతే రెండూ ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి వేయండి. చార్జర్ 4.2 వోల్టుల కాడ ఆగేది ఉండాల, మేత బస్తాల పక్కన కాకుండా సిమెంటు నేల మీద, మనం మేలుకోని ఉన్నప్పుడే పెట్టాల. రోహిణి కార్తె ఎండల్లో సెల్లుని బండి డిక్కీలో వదిలేయడం నేనైతే మానేశా.